ఎర్ర మచ్చ కింద నత్తగుల్లలు

నా సర్వీసు మొత్తంలో చేసిన తప్పులు లెక్కపెడితే ఒక చేతి వేళ్ళు చాలు. నాలుగు చిన్నవి, ఎవరికీ గుర్తు లేవు. అయిదోది మాత్రం జిల్లాలో సర్వేయర్లందరికీ తెలుసు. ఇంకొకళ్ళు చెబితే ఉప్పూకారం కలుపుతారు కాబట్టి నేనే చెబుతాను.

నా పేరు అంకమ్మరావు. వినుకొండకూ పిడుగురాళ్లకూ నడుమ ఉన్న ఓ చిన్న మునిసిపాలిటీలో సర్వేయరుగా పనిచేశాను. మా ఊళ్ళో హద్దురాయి అన్నది ఉంటే అది నా కాలికి ఒకసారైనా తగిలి ఉండాలి. ఎవరైనా నా కొలత తప్పంటే ఒళ్ళు మండేది. గొలుసు తెప్పించి, అన్నవాడి కళ్ళముందే మళ్ళీ కొలిచి, నాదే రైటని ఒప్పించేదాకా అన్నం దిగేది కాదు. "మీ ముక్కుమీద కోపం లేకపోతే ఈపాటికి పెద్దాఫీసరయ్యేవాళ్ళు" అని మా ఆవిడ సుబ్బరావమ్మ ఇప్పటికీ అంటుంది. అవునేమో.

నా గొలుసు రెండో కొస పట్టేవాడు యలమంద. ఇరవై రెండేళ్ళుగా అతనే. అతని గుడిసె మురుగుకాలవ కట్ట మీద ఉండేది. ఆ కట్ట మీదే మొత్తం మూడువందల నలభై కుటుంబాలు. అప్పటికి మూడేళ్ళుగా వానలు మొహం చాటేశాయి కాబట్టి సరిపోయింది గానీ, అంతకుముందు ఏటా దసరా దాటాక ఒక పెద్ద వాన పడేది, కాలవ పొంగి ఇళ్ళలోకి వచ్చేది. యలమంద ఇంట్లో ఉన్న ఒకే ఒక రేకు పెట్టె మంచం మీదికెక్కేది. మనుషులు మా ఆఫీసు వరండాలోకి వచ్చేవాళ్ళు. మర్నాడు పొద్దున అతను అదే వరండాలో లేచి, మొహం కడుక్కుని, నాతో పాటు గొలుసు మోసేవాడు.

రెండువేల మూడులో ఆ కట్ట మీది వాళ్ళందరికీ ఇళ్ళస్థలాలు ఇవ్వాలని తేలింది. అప్పుడే కమిషనరుగా చైతన్యకృష్ణ గారు వచ్చారు. ముప్పై అయిదు దాటని మనిషి, పట్టుదల గలవాడు.

"ఖాళీ ఎక్కడ కనపడితే అక్కడ పట్టాలిస్తే రేపు ఆ ఊరిని ఎవరూ బాగుచెయ్యలేరండీ. నీళ్ళు ఎటు పోతాయి, మెరక ఎటుంది, ఊరు ఎటు పెరగాలి, ఇవన్నీ ముందు చూసుకుందాం. ఉపగ్రహం తీసిన చిత్రం తెప్పిస్తున్నాను" అన్నారు.

ఆ చిత్రం చదవడం నేర్చుకోవడానికి ఒకరు ఆరు వారాలు హైదరాబాదు వెళ్ళాలన్నారు. నన్నడిగారు. యాభై ఏళ్ళు దాటాక బెంచీ మీద కూర్చుని అక్షరాలు దిద్దుకోవాలా అనుకుని, ట్రేసర్ నసీమున్నీసాని పంపమన్నాను. బస్టాండు దగ్గర గొడుగులూ తాళాలూ బాగుచేసే బుడే అనే ఆయన కూతురు ఆ అమ్మాయి. నేను కొలిచి తెచ్చిన గీతలని పల్చటి కాయితం మీద శుభ్రంగా ఎత్తి రాసేది. గీత వణికేది కాదు, గొంతు పైకి లేచేది కాదు. అంతకుమించి ఆ పిల్ల గురించి నేనేనాడూ ఆలోచించలేదు.

ఆమె అక్కడుండగానే, మే నెలలో, చిత్రం వచ్చింది. మార్చి నెలాఖర్లో తీసినది. చేతి లావు పొడుగాటి గొట్టంలోంచి తీసి బల్ల మీద పరిస్తే బల్ల చాలలేదు. ఊరంతా అందులో బూడిద రంగు మచ్చ. చుట్టూ పొలాలు తెల్లగా, నీలంగా. అక్కడక్కడా ఎర్రటి మచ్చలు. "ప్రతి మచ్చ దగ్గరికీ వెళ్ళి, చూసి, అక్కడ ఏముందో దీని మీద రాయండి" అన్నారు కమిషనరు గారు.

ఎండ నలభై నాలుగుంది. నేను వెళ్ళలేదు. ఫ్యాను కింద కూర్చుని, గోలీసోడా తెప్పించుకుని, ఒక్క మధ్యాహ్నంలో ఊరంతా రాసేశాను.

ఎర్ర మచ్చల దగ్గర నాకు చిటికెడు అనుమానం కూడా రాలేదు. మార్చి నెలలో మా వైపు ఎర్రగా ఉండేదేమిటి? మిరపకాయలు. కోసిన కాయంతా కల్లాల్లో పోసి ఎండబెడతారు. ఎకరాలకెకరాలు ఎర్రటి దుప్పటి పరిచినట్టుంటుంది. బస్సులో పోయేవాడికే కళ్ళు చెదురుతుంటే ఆకాశంలో ఉన్నవాడికి కనపడదా? చిత్రంలో పచ్చరంగు ఎక్కడా లేదన్న సంగతి గమనించాను. మూడేళ్ళ కరువు కదా, పచ్చదనం ఎక్కడినుంచి వస్తుందిలే అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఊరికి తూర్పున పదిహేనెకరాల ఎర్ర మచ్చ ఒకటుంది. కిందటేడే మా మునిసిపాలిటీలో కలిపిన పల్లె భూమి. అటు నేనెప్పుడూ గొలుసు లాగలేదు. రికార్డులో పోరంబోకు అని ఉంది. దాని మీద "మిర్చి కల్లాలు, మెరక" అని రాశాను. కల్లం ఎప్పుడూ మెరక మీదే వేస్తారు. చెమ్మ తగిలితే కాయ బూజు పడుతుంది. మెరక, సర్కారు భూమి, ఊరికి దగ్గర. ఇళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి? అడుగున "క్షేత్ర పరిశీలన చేయడమైనది" అని సంతకం పెట్టాను.

యలమంద బల్ల పక్కనే నిలబడి ఉన్నాడు.

"మెరకేనాండీ?" అన్నాడు.

"మిరపకాయలు ఎండే చోటు పల్లమవుద్దంటయ్యా?"

అతను నవ్వాడు. అతనిదీ మిరప కల్లాల్లో పెరిగిన ఒళ్ళే. "నిజమేనండీ. ఎందుకవుద్ది?" అన్నాడు.

జూన్ మొదట్లో కౌన్సిలు ఆ స్థలాన్ని ఖాయం చేసింది. యలమందకి నలభై ఏడో నంబరు ప్లాటు వచ్చింది. ఆ పట్టా కాయితాన్ని మడత మీద మడత పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడు. ప్లాట్లన్నీ ఇంకా కాయితం మీదే, స్థలంలో రాళ్ళు పాతింది లేదు గానీ, శంకుస్థాపనకి ముహూర్తం కూడా పెట్టేశారు.

జూన్ మూడోవారంలో నసీమున్నీసా తిరిగొచ్చింది. గోడకి తగిలించిన చిత్రం దగ్గరికి వెళ్ళి చాలాసేపు నిలబడింది.

"ఇవి ఎవరు రాశారు సార్?"

"నేనే. ఏం?"

ఆమె నా అక్షరాలు ఇంకోసారి చదివింది. కొంగు వేలికి చుట్టుకుంటూ, "ఇందులో పచ్చగా ఉన్నదంతా ఎర్రగా పడుద్ది సార్. చెట్టూ చేమా, గడ్డీ, పైరూ, అన్నీ ఎరుపే. ఇవి కల్లాలు కావు" అంది.

నా తల మీద ఎవరో కుండ పగలగొట్టినట్టయింది. గదిలో ఇంకో ముగ్గురున్నారు. "ఆరు వారాలు చదువుకొచ్చి నాకు చెబుతున్నావా అమ్మాయ్? నువ్వు పుట్టకముందు నుంచీ నేను ఈ ఊరు కొలుస్తున్నా" అని అరిచాను. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ గోడ దగ్గర్నుంచి కదల్లేదు.

"మీరు వెళ్ళి చూశారా సార్?" అంది.

నేను చెప్పులేసుకుని బయటపడ్డాను. ఇంటికి వెళ్ళి సుబ్బరావమ్మ దగ్గర ఆ పిల్లని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె అంతా విని, "ఇంతకీ వెళ్ళి చూశారా?" అని అదే మాట అడిగింది. ఆ పూట అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున్నే ఆ అమ్మాయినీ యలమందనీ వెంటబెట్టుకుని బయల్దేరాను. ఆమెది తప్పని రుజువు చెయ్యడానికే వెళ్ళాను, అందులో దాపరికమేమీ లేదు. యలమంద సైకిలుకి గునపం, చేతిలో ఒక బకెట్టు. పునాది మట్టి చూపించాలని నేనే తెమ్మన్నాను.

అక్కడ కల్లం లేదు. పదిహేనెకరాలూ తుంగ. చుట్టుపక్కల పొలాలు నెర్రెలిచ్చి పడుంటే, ఆ ఒక్క చోట మోకాలెత్తు పచ్చటి తుంగ గాలికి ఊగుతోంది. అంచున నిలబడితేనే తెలుస్తోంది, నేల మధ్యకి పోయేకొద్దీ పళ్ళెంలా దిగిపోయింది.

"తవ్వు" అన్నాను.

యలమంద గునపం దించాడు. అడుగు లోతున నల్లమట్టి ముద్దగా వచ్చింది. అందులో తెల్లగా నత్తగుల్లలు. ఒకటీ రెండూ కాదు, గుప్పెడు మట్టి తీస్తే నాలుగైదు. నాలుగడుగులు తవ్వేసరికి గుంట అడుగున నీళ్ళు ఊరాయి. మూడేళ్ళు వాన చుక్క సరిగ్గా లేని నేలలో నీళ్ళు. ఎప్పటిదో కుంట. పూడిపోయి, కరువులో ఎండిపోయి, కుంట అన్న పేరు కూడా పోగొట్టుకుంది. ఒక్క మంచి వాన పడితే నాలుగూళ్ళ నీళ్ళూ వచ్చి చేరేది అక్కడికే.

యలమంద గుంట అంచున కూర్చుని ఆ నీళ్ళకేసి చూశాడు. చాలా మెల్లిగా, "మళ్ళీ నీళ్ళేనాండీ" అన్నాడు.

ఇరవై రెండేళ్ళలో అతను నన్ను ఒక్క మాట అనలేదు. అప్పుడూ అనలేదు. అందుకే నాకు చచ్చిపోవాలనిపించింది.

నసీమున్నీసా నన్ను దెప్పలేదు. "అసలు కల్లాలు చూపిస్తాను సార్" అని పడమటివైపు తీసుకెళ్ళింది. ఊరవతల రాతిమెరక. సగం మీద కల్లాలు వేసిన గుర్తులు. తొక్కి గట్టిపడిన నేల, సందుల్లో ఎండు తొక్కలు, గింజలు. గాలి వీస్తే ముగ్గురికీ తుమ్ములొచ్చాయి. ఆమె సంచిలోంచి చిన్న చిత్రం తీసి చూపించింది. మార్చిలో మిరపకాయలతో నిండిన ఆ నేల అందులో పసుపు మచ్చ. ఎండుకాయ ఎరుపు ఈ చిత్రంలో పసుపుగా పడుద్దని చెప్పింది. నేను దాని మీద "బీడు" అని రాసి ఉన్నాను. మిగతా సగం రాళ్ళు తేలిన ఖాళీ సర్కారు భూమి.

కమిషనరు గారికి చెప్పాను. ఆయన కణతలు నొక్కుకున్నారు.

"పట్టాలు పంచేశాం. ముహూర్తం వారం రోజుల్లో ఉంది. రెండడుగులు గ్రావెల్ తోలిస్తే సర్దుకోదా అంకమ్మరావు గారూ?"

ఒక్క క్షణం ఆ మాట నాకు తియ్యగా వినిపించింది. గ్రావెల్ తోలితే నా సంతకం కూడా దాని కిందే పడి ఉంటుంది. ఎవరికీ తెలియదు. యలమంద నోరు విప్పడు, ఆ అమ్మాయి విప్పినా వినేవాళ్ళెవరు?

గుమ్మం దగ్గర యలమంద బకెట్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నత్తగుల్లల మట్టి బకెట్టు.

"సర్దుకోదండీ. కౌన్సిలు పిలిపించండి. నేనే చెబుతాను" అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, సరే అన్నారు.

కౌన్సిలు హాల్లో ఆ రోజు కుర్చీలు చాలలేదు. నేను బకెట్టు తీసుకెళ్ళి చైర్మన్ గారి బల్ల మీద పెట్టాను. "తూర్పు స్థలం మెరక కాదండీ, కుంట. తప్పు నాది. చిత్రంలో ఎర్రగా పడ్డ పచ్చటి తుంగని మిరపకాయలనుకున్నాను. వెళ్ళకుండానే వెళ్ళి చూశానని సంతకం పెట్టాను" అన్నాను.

ముందు వరసలో కూర్చున్న కౌన్సిలరు బుల్లయ్య పెద్ద రైతు. ఎవర్నీ వదిలే రకం కాదు.

"ఏమయ్యా, ఇన్నేళ్ళ సర్వేయరువి. ఎరుపుకీ పచ్చకీ తేడా తెలీలేదా?"

హాలు గొల్లుమంది. కిందటేడయితే అక్కడికక్కడ యుద్ధమయ్యేది.

"తెలీలేదండీ. ఈ అమ్మాయికి తెలుసు. చెప్పించుకోండి" అన్నాను.

నసీమున్నీసా లేచింది. చిత్రాన్ని నేనూ యలమందా చెరో కొసా పట్టుకుని నిలబడ్డాం, గొలుసు పట్టుకున్నట్టే.

"మన కంటికి ఆనని వెలుగు ఒకటుందండీ. పచ్చి ఆకు దాన్ని బాగా తిప్పికొడుద్ది. దాన్ని మనకి చూపించాలంటే ఏదో ఒక రంగు వెయ్యాలిగా, ఎరుపు వేశారు. అందుకే తోటలన్నీ ఎర్రగా ఉంటాయి. ఇది చూడండి. కాలవ మలుపు పక్కన, మూలన బావి ఉన్న ఈ మచ్చ."

బుల్లయ్య కళ్ళజోడు సర్దుకుని దగ్గరికొచ్చాడు. వేలితో కాలవ వెంటే వచ్చి ఆగాడు. "ఇది నా నిమ్మతోటే" అన్నాడు. తర్వాత నా అక్షరాలు చదివి నావైపు తిరిగాడు. "నా తోటని కల్లమని రాశావటయ్యా?"

"రాశానండీ" అన్నాను. మళ్ళీ నవ్వులు.

నవ్వులు ఆగేదాకా ఆమె ఓపిగ్గా నిలబడింది. "మీరంతా వ్యవసాయం చేసేవాళ్ళు. నాకు తెలీక అడుగుతున్నా. మూడేళ్ళుగా వానల్లేవు. మార్చి నెల. కాలవ రాలేదు, బోరు లేదు. అయినా తూర్పున ఈ పదిహేనెకరాలు ఇంత ఎర్రగా, అంటే ఇంత పచ్చగా ఉంది. ఎందుకుంటదండీ?"

ఎవరూ నవ్వలేదు. బుల్లయ్యే బకెట్టులో చెయ్యి పెట్టి ఒక నత్తగుల్ల తీశాడు.

"కింద నీళ్ళుంటే ఉంటది" అన్నాడు.

అంతే. కౌన్సిలులో ఇక వాదన లేదు. తీర్మానం మారింది. నాకు మెమో ఇచ్చారు. సర్వీసు పుస్తకంలో ఎర్రసిరాతో ఒక పేరా రాశారు. ఆ రంగు చూసి నాకే నవ్వొచ్చింది.

తర్వాత రెండు నెలలు నేనూ యలమందా నసీమున్నీసా ప్రతి మచ్చ దగ్గరికీ వెళ్ళాం. ఆమె చిత్రం చూసి ఏముంటుందో చెప్పేది, నేను గొలుసు వేసేవాణ్ణి, యలమంద గునపం వేసేవాడు. ఊళ్ళో పూడిపోయిన వాగుదారులు మూడు దొరికాయి. వాటి మీద ఇళ్ళు కట్టకూడదని కొత్త ప్లానులో గీత గీశాం. తూర్పు కుంటని కుంటగానే ఉంచమన్నాం. పడమటి మెరకలో కల్లాల సగం రైతులకి వదిలేసి, రాళ్ళ సగంలో కాలనీకి ప్లాట్లు వేశాం. యలమందకి మళ్ళీ నలభై ఏడే రావాలని నేను పట్టుబట్టాను. అడుగున సంతకం దగ్గర నసీమున్నీసా కలం నాకిచ్చింది. ముందు నువ్వు పెట్టు అన్నాను. ఆమె పేరు కింద నా పేరు రాశాను. నా పేరు అంత అందంగా నాకెప్పుడూ కనపడలేదు.

రెండువేల అయిదు అక్టోబరులో వాన మొదలై మూడు రోజులు విడవలేదు. నాలుగో రోజు తెరిపిచ్చాక తూర్పుకి వెళ్ళి చూశాను. తుంగ కొసలు కూడా కనపడటం లేదు. మొదటి ప్లానులో నలభై ఏడో నంబరు ఎక్కడుండేదో లెక్కగట్టి చూస్తే, దాని మీద మనిషి లోతు నీళ్ళు. ఇంటికి తిరిగొచ్చేసరికి యలమంద మా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "ఏమైందయ్యా?" అన్నాను.

"ఏం కాలేదండీ. ఒక మాట చెబుదామని వచ్చా" అన్నాడు. "ఈ ఏడు పెట్టె మంచం కిందే ఉంది."

సుబ్బరావమ్మ అతనికి కాఫీ ఇచ్చి లోపలికి పోయింది. ఇద్దరం వాకిట్లో నీళ్ళు కాలవలోకి పోతుంటే చూస్తూ కూర్చున్నాం.

మరుసటేడు రిటైరయ్యాను. రెండువేల ఏడులో, గుంటూరు, ప్రకాశం జిల్లాల మునిసిపాలిటీల సర్వేయర్లకి మా ఆఫీసులోనే శిక్షణ పెట్టారు. చెప్పేది నసీమున్నీసా. నన్ను రమ్మని కబురు పంపితే వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. అవును, యాభై దాటాక కూర్చోనన్న ఆ బెంచీ మీదే.

ఆమె నలభై మందికీ ఆ పాత మార్చి చిత్రం నకళ్ళు పంచింది. ఎవరి అక్షరాలూ లేని నకళ్ళు. తూర్పున ఉన్న ఎర్ర మచ్చ ఏమిటో రాయమంది. అయిదు నిమిషాల తర్వాత కాయితాలు చదివితే, ముప్పై ఆరుగురు మిర్చి కల్లాలని రాశారు. వేటపాలెం వైపు నుంచి వచ్చినాయన జీడితోట అని రాసి, కనీసం చెట్టు దాకా వచ్చాడు. నేను బెంచీ మీద కడుపు పట్టుకుని నవ్వాను.

ఆమె జరిగిందంతా చెప్పింది. కుంట, నత్తగుల్లలు, బకెట్టు, అన్నీ. పేరు మాత్రం చెప్పలేదు, ఒక సర్వేయరు గారు అని ఊరుకుంది. తర్వాత ఆ ఏడే తీసిన కొత్త చిత్రం గోడకి తగిలించింది. తూర్పున కుంట నిండుగా, నల్లగా ఉంది. పడమట, పసుపు మచ్చ పక్కన, మునుపు లేని చిన్న బూడిద రంగు మచ్చ. "ఇది కాలనీ. మూడువందల నలభై ఇళ్ళు. ఇందులో ఒక్కో చుక్క ఇరవై మూడు మీటర్ల పైచిలుకు. విడి ఇల్లు కనపడదు, వీధి మాత్రం తెలుస్తది" అంది.

నేను జేబులోంచి భూతద్దం తీశాను. నలభై ఏడు ఏ చుక్కలో ఉందో నాకు తెలుసు.

ముందు వరసలో ఒకాయన చెయ్యెత్తాడు. "ఇంతకీ ఎవరండీ ఆ సర్వేయరు? వెళ్ళి చూడకుండా ఎట్టా రాశాడు?"

హాల్లో నవ్వులు. నసీమున్నీసా మొహం ఎర్రబడింది, నావైపు చూడకుండా తల దించుకుంది. నేను లేచి నిలబడ్డాను. ఇన్నేళ్ళ సర్వీసులో ఏ సన్మానంలోనూ అంత నిటారుగా నిలబడలేదు.

"నేనేనండీ. పేరు అంకమ్మరావు. ఈ మేడమ్ గారి మొదటి శిష్యుణ్ణి" అన్నాను. "లేవండి, కుంట చూపిస్తాను. చూడకుండా మాత్రం ఏమీ రాయబాకండి."